నిమ్మ వేళ్ళకు తలంటు

పటమటలో మట్టి పరీక్షలు చేసే చిన్న ల్యాబులో నాకు పని దొరికిన ఆ కొత్తలో బూజంటే నాకు తెలిసింది ఒక్కటే: ఊరగాయ జాడీలో కనపడితే మా అమ్మీ చేత తిట్లు తినిపించే వస్తువు. (పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, అంతకు మించి తెలియాలని ఎవరూ అనుకోలేదు.) అలాంటిది మొక్కకు మేలు చేసే బూజు కూడా ఉంటుందనీ, అది వేళ్ళను పట్టుకుని మట్టిలోని బలమంతా లాగి మొక్కకు పెడుతుందనీ మా మేడం గారు చెబితే, నమ్మినట్టు తల ఊపి గాజు గిన్నెలు కడుక్కునేదాన్ని.

ఒక రోజు మేడం గారు ఇంకా రాకముందే పామర్రు నుంచి ఒకావిడ వచ్చింది. పెరట్లో నిమ్మ నారు పెంచుతోందట. ఆ మంచి బూజు పొడి కొని నారుమడిలో కలిపితే, వాళ్ళాయన అది ఉత్త బూడిదన్నాడట. "వేళ్ళకి బూజు పట్టిందని మీరు చెబితే సరే, లేకపోతే మడి దున్నేసి గేదెలకి గడ్డేస్తానన్నాడమ్మాయ్," అంటూ తడిగుడ్డ మూట విప్పింది. నారు వేళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి. కుంకుడుకాయ వాసన గుప్పుమంది.

"ఇదేంటండీ, మట్టి ఏదీ?"

"సిటీకొచ్చే వస్తువుని మట్టితో ఎట్టా తెస్తాం? కుంకుడు రసంతో తలంటి, దువ్వెనతో దువ్వాను. ఒక్క చిక్కుంటే ఒట్టు."

"బూజు చూపించడానికొస్తూ బూజంతా కడిగేశారా పిన్నిగారూ," అనేశాను. (నోరు కాస్త అదుపులో పెట్టుకోమని మేడం గారు చెప్పింది ఇందుకే.) ఆవిడ బల్ల మీద కూలబడింది. "చేతికొచ్చింది ఏదైనా కడగందే తోచదు నాకు. నా మడి నేనే దున్నించుకున్నట్టయింది," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ధైర్యం చెప్పాల్సిన నేను ఆవిడకంటే ముందే ఏడ్చేశాను. చివరికి ఆవిడే లేచి నాకు మంచినీళ్ళు పట్టుకొచ్చింది.

అప్పుడే వచ్చిన మేడం గారు మా మొహాలూ, దువ్విన వేళ్ళూ చూసి, "ఎవరు పోయారు?" అన్నారు. సంగతి చెప్పాను. ఆమె సన్న వేళ్ళు ముక్కలు కోసి కాస్టిక్ నీళ్ళలో ఉడకబెట్టారు. అవి వెలిసి తెల్లబడ్డాక నీలం రంగులో వేశారు. ("కడిగింది చాలక ఉడకబెట్టారు కూడానూ, ఇంకేం మిగులుద్ది," అని ఆవిడ నా చెవిలో గొణిగింది. నేనూ అదే అనుకుంటున్నాను.) మధ్యాహ్నానికి మైక్రోస్కోపు కింద పెట్టి, చాలాసేపు చూసి, "రండమ్మా," అన్నారు.

వేరు లోపల నీలం దారాలు అల్లుకుపోయి ఉన్నాయి, మధ్యమధ్య చిన్న చిన్న బుడగలు.

"ఈ బూజు వేరు లోపలే కాపురం పెట్టేస్తుందమ్మా, తలంటితే పోదు. మేమూ కడిగే చూస్తాం. కానీ ఈసారి మట్టితో సహా తీసుకురండి, మట్టిలో కూడా వెతకాలి."

ఆవిడ కంటిని మైక్రోస్కోపు నుంచి తియ్యలేదు. "రేపు మా ఆయన్ని లాక్కొస్తానండి. బూడిదన్న నోటితోనే చెప్పాలి, ఇదేంటో."

ఆవిడ వెళ్ళాక మేడం గారు, "ఆవిడ ఏడ్చిందంటే అర్థముంది, నీకేమొచ్చింది?" అన్నారు. నేను గాజు గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయాను. ఇప్పుడు కొత్తగా చేరిన వాళ్ళకు పని నేర్పేది నేనే. రిపోర్టులో బూజు లేదని రాయాల్సొచ్చినా చేయి ఆగదు. రాసేశాక మాత్రం ఆ వేళ్ళు తెచ్చిన మనిషి ఆటో ఎక్కేదాకా కిటికీ దగ్గరే నిలబడతాను. కొత్తవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నేనూ నవ్వుకుంటాను.