మా కొండలయ్య గుండెలో గుడ్డగొట్టం

మా తమ్ముడు కొండలయ్య గిలకలదిండి రేవులో అందరికన్నా పొడుగు. నిలబడితే చేతివేళ్లు మోకాళ్లదాకా వచ్చేవి. మా నాయనమ్మ వాణ్ణి చూసి "ఆజానుబాహుడే వీడు, రాముడి చేతులు" అని మురిసేది. ఆ మాటకి ఇంటిల్లిపాదీ పొంగిపోయాం. నేనైతే మరీను. చేపల గంప దించిన ప్రతి వాకిట్లోనూ చెప్పుకున్నాను.

చెప్పుకోవడానికి ఉంది కూడా. వాడు విసురువల విసిరితే గాల్లో గొడుగులా విచ్చుకుని, అంచంతా ఒక్కసారే నీళ్లమీద పడేది. రేవులో ఎవరు కొత్త వల కట్టుకున్నా మొదటి విసురు వాడి చేతే వేయించుకునేవాళ్లు. మా నాన్నవీ అలాంటి చేతులే. ఆయన నలభై నిండకుండానే పడవలో గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. గాలి సోకిందన్నారు, నమ్మాం. చేతులకీ చావుకీ ముడిపెట్టేంత తెలివి ఎవరికుంది?

రెండువేల మూడులో కొండలయ్యకి వల లాగుతుంటే ఆయాసం మొదలైంది. బందరు డాక్టరు గొట్టం పెట్టి విని, మొహం మాడ్చుకుని బెజవాడ పొమ్మన్నాడు.

బెజవాడలో గుండె డాక్టరు జానకిరామ్ గారు వాణ్ణి చూడగానే చేతులు చాపమన్నారు. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూయమన్నారు. వేలి కొస అవతలి పక్కకి పొడుచుకొచ్చింది. నా నోరు ఊరుకోలేదు.

"మావాడు ఆజానుబాహుడండీ. రేవంతటికీ వాడి చెయ్యే శకునం."

"అదేనమ్మా జబ్బు."

నాకు ఒళ్లు మండింది. "ఏవండీ, చేతులు పొడుగైతే జబ్బా? అయితే పొట్టివాళ్లందరూ నూరేళ్లు బతుకుతున్నారా?"

ఆయన నవ్వారు. "పుట్టుకతోనే ఒంట్లో బిగువు తక్కువమ్మా. చేతులు సాగినట్టే లోపలి రక్తనాళమూ సాగింది." తెరమీద చూపించారు. గుండెలోంచి పైకి లేచే పెద్ద నాళం మొదట్లోనే ఉల్లిపాయలా ఉబ్బి ఉంది. "ఇది పగిలితే మనిషి దక్కడు. పగలకముందే ఆ ముక్క కోసేసి గుడ్డతో చేసిన గొట్టం కుట్టాలి. గొట్టం మొదట్లో లోహపు వాల్వు ఉంటుంది. గుండెకి రక్తమిచ్చే సన్నటి నాళాలు రెండూ మళ్లీ ఆ గొట్టానికే అతకాలి."

"గుండె ఎగిరెగిరి పడుతుంటే ఎలా కుడతారండీ?"

"ఆపేస్తాం. అప్పటిదాకా మిషను రక్తం తిప్పుతుంది. కుట్టడం అయ్యాక మళ్లీ కొట్టుకోనిస్తాం."

"కొట్టుకోకపోతే?"

"ఒక్కోసారి కొట్టుకోదు కూడానమ్మా." అబద్ధం చెప్పనందుకు నాకు ఆయనమీద గురి కుదిరింది.

కొండలయ్య ఒక్కటే అడిగాడు. "తర్వాత వల విసరొచ్చాండీ?"

"కుదరదు కొండలయ్యా. బతకొచ్చు."

వాడు చేతులు ఒళ్లో పెట్టుకుని వాటికేసే చూస్తూ కూర్చున్నాడు. "నువ్వు చెప్పక్కా."

"నాన్నని పడవలోంచి మోసుకొచ్చాం. నిన్ను మోసే ఓపిక నాకు లేదురా. కోయించుకో."

పొద్దున లోపలికి తీసుకెళ్లారు. వాడి పెళ్లాం సుధామణి గోడకానుకుని ఒకటే ఏడుపు. "ఊరుకోవే, నీ రాగానికి వాళ్ల సూది పక్కకి పోతుంది" అని కసిరాను. గుండె ఆగిన ఆ కాసేపూ మావాడు ఎక్కడున్నట్టు? ఉన్నవాళ్లలోనా, పోయినవాళ్లలోనా? ఎవర్ని అడగను?

పొద్దువాలాక డాక్టరుగారు బయటికొచ్చారు. "గుండె మళ్లీ కొట్టుకోవడం అందుకుందమ్మా. ఇక తెలివి రావాలి."

"తీసిన ముక్క చూపించండి బాబూ. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చేపలు కోస్తున్నదాన్ని, కళ్లు తిరిగి పడను."

సీసాలో తెప్పించి చూపించారు. చేప కడుపులో గాలితిత్తి ఉంటుందే, అంత పలచన. వెలుతురుకి పట్టుకుంటే ఆయన వేళ్లు అవతల నుంచి కనిపించాయి. ఇన్నేళ్లూ మావాడు ఈ పొరని గుండెల్లో పెట్టుకుని వల నిండా చేపల్ని ఒడ్డుకి లాగాడు. అదెలా ఆగింది? ఈ పొర తీసి, గుడ్డ పెట్టి, ఆగిన గుండెని మళ్లీ లేపడానికి ఈ మనిషికి ఎన్ని గుండెలు? సంతలో నా నోటికి జడవనివాడు లేడు. అలాంటిదాన్ని, వంగి దండం పెట్టాను. ఆయనకో, ఆ ముక్కకో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు నోట్లో గొట్టం తీసేశాక నన్ను రానిచ్చారు. వాడు కళ్లు తెరిచాడు.

"అక్కా, ఎవరో తలుపు కొడుతున్నారే."

తలుపు దగ్గర ఎవరూ లేరు. వంగి విన్నాను. టిక్కు, టిక్కు. కట్టుకిందనుంచి.

"నీ గుండేరా. లోపల పెట్టిన వాల్వు చప్పుడు."

"ఇంత గోలా?"

"ఇన్నాళ్లూ గుట్టుగా కొట్టుకుంది. ఇక వీధంతా వినపడేలా కొట్టుకోనీ."

నవ్వబోయాడు, కుట్లు లాగి మూలిగాడు. కాసేపటికి నిద్రపోయాడు. నర్సు ఇక వెళ్లమంది. నేను కదల్లేదు. ఒక చప్పుడయ్యాక ఇంకోటి వస్తుందా రాదా అని ఊపిరి బిగబట్టి విన్నాను. వచ్చింది. మళ్లీ వచ్చింది.