సైదమ్మ మకాం

బిందెల సైదమ్మ పొద్దు గూట్లో పడకముందే పడుకునే జాగా వెతుక్కుంటుంది. మొగుడు పోయాక అతని మెటడోర్ వ్యానూ, ఖాకీ చొక్కా ఆమెకు మిగిలాయి. చీర మీద ఆ చొక్కా తొడుక్కుని, కల్లూరు నుంచి భద్రాచలం దాకా ఊరూరా స్టీలు బిందెలమ్ముతుంది. చీకటి పడితే ఆ వ్యానులోనే పడక. బోరింగు దగ్గర్లో ఉండాలి, నేల గట్టిగా ఉండాలి. దిగి మడమతో తొక్కి చూస్తుంది. నచ్చితే బిందెలన్నీ ఒక పక్కకు నెట్టి బొంత పరుస్తుంది. ఆ తర్వాత జాకీ ఎక్కించి, ఇరుసు కింద మొద్దు పెట్టి, వెనక చక్రం ఒకటి ఊడదీస్తుంది. పోలీసులైనా, ఫారెస్టోళ్లైనా వచ్చి బండి తియ్యమంటే ఆ చక్రం చూపిస్తుంది. తెల్లారేదాకా ఇక ఆమెను ఎవరూ కదిలించలేరు.

టేకులపల్లి అవతల ఒక ఊళ్లో, సాయంత్రం ఆమె చక్రం విప్పుతుండగా ఊరి పెద్ద బసవపున్నయ్య వచ్చాడు. "ఒంటరి ఆడదానివి, రోడ్డు పక్కన పడుకుంటే జనం నానా రకాలుగా అనుకుంటారు. బండి తియ్యి" అన్నాడు.

"అనుకునేటోళ్లు మీ ఊరోళ్లే గదా. వాళ్లనే జరగమనయ్యా" అంది సైదమ్మ, పానా తిప్పడం ఆపకుండా.

ఆయన కదల్లేదు. చేతికర్ర నేలకు ఆనించి, బండి తీసేదాకా ఇక్కడే నిలబడతానన్నాడు. సైదమ్మ చొక్కాకు చేతులు తుడుచుకుంది. జాకీ రెండో పక్కకు మార్చి, ఆ పక్క చక్రం కూడా ఊడదీసింది. దొర్లించుకుంటూ తెచ్చి ఆయన కాళ్ల ముందు పడుకోబెట్టింది.

"తెల్లారేదాకా ఎట్ల నిలబడతవయ్యా" అంది. "దీని మీద కూసో."