ఫ్లాపీలు చదివిన సారు

మాకు కంప్యూటర్ నేర్పిన సారు పోయారు. మంగళవారం పొద్దున, నాతో కలిసి నేర్చుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి, "సార్ లేరే ఇగ. నిద్రల్నే పోయిండంట" అంది. నేనప్పుడు ఎల్బీనగర్ మెట్రో మెట్లెక్కుతున్నాను. ఏడుపు రాలేదు. పక్కకు జరిగి వెనకవాళ్లకు దారిచ్చాను. ఆఫీసుకు సెలవు చెప్పి, సారు ఇంటికి వనస్థలిపురం ఆటో ఎక్కాను.

ఒకప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో, మిఠాయి కొట్టు పైన రెండు గదుల్లో ఆయన ఇన్‌స్టిట్యూట్ ఉండేది. సారుది తెనాలి వైపు. ఎంత చిన్నవాళ్లనైనా "మీరు" అనేవారు. ఫ్లాపీని అంచులు పట్టుకునే ఇచ్చేవారు. మేమూ అలాగే అందుకోవాలి. తెలుగు టైపింగ్ సాధనకు పుస్తకమేదీ ఇచ్చేవారు కాదు. "మీ ఇంట్లోవాళ్ల మాటలు టైపు చేయండి. ఎలా అంటే అలాగే. దిద్దకండి" అనేవారు.

మా నాన్న బస్సు మెకానిక్. నల్గొండ పల్లె నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడ్డాడు. ఏ చప్పుడుకు ఇంజన్లో ఏం చెడినట్టో ఆయన చెబుతుంటే నోట్‌బుక్‌లో రాసుకుని, మర్నాడు టైపు చేసేదాన్ని. తర్వాత ఆ నోట్‌బుక్ ఎక్కడో పోయింది. ఫ్లాపీ బీరువాలో మిగిలింది. నాన్న చనిపోయిన ఏడాదికి అది చేతికి తగిలితే సారును వెతుక్కుంటూ వెళ్లాను.

అప్పటికి ఇన్‌స్టిట్యూట్ మూసేసి, ఇంట్లోనే పాత ఫ్లాపీలకు 'ఇమేజి' తీసి దాచిపెడుతున్నారు. ఇమేజి అంటే ఫ్లాపీ మొత్తానికీ ఒకే ఫైలుగా తీసిన నకలు.

"ఒకాయన కాపీ చేసిచ్చిండు సార్. తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే ఒస్తున్నయ్" అన్నాను.

నా ఫైలు బాగానే ఉందట. కానీ అప్పటి తెలుగు సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే తప్ప ఆ గీతలు అక్షరాలు కావు. దాని అసలు ఫ్లాపీ సారు దగ్గర ఒకటుంది. ఇమేజి తీసి, పాత కంప్యూటర్‌లా పనిచేసే ఎమ్యులేటర్‌లో పెట్టారు. అసలు డిస్కు పెట్టమంటూ అది మొరాయించింది.

"అన్నీ ఒచ్చినయ్ గద సార్. ఇంకేం కావాలె దానికి?"

"చదవడానికి వీలైనవన్నీ వచ్చాయమ్మా. ఎవరూ కాపీ కొట్టకుండా, తయారుచేసినవాళ్లు ఒకచోట కావాలనే చెడగొట్టి పెట్టారు. మామూలు ఇమేజిలోకి ఆ చెడు రాదు. చెడిపోయింది చెడినట్టే రావాలి."

దానికి ఇంకో రకం ఇమేజి ఉంది. ఫ్లాపీ మీద అయస్కాంతపు గుర్తులు ఎక్కడెక్కడ మారుతున్నాయో ఒక్కో వలయం వెంట ఉన్నదున్నట్టు పట్టేస్తుంది. కానీ ఆ ఫ్లాపీకి బూజు పట్టింది. ఎంత తుడిచినా, మళ్లీ తిప్పితే గీసుకుపోవచ్చు.

"ఒద్దు సార్. ఖరాబైతే మీకు ఇంకోటి లేదు గద" అన్నాను.

"దాచింది చదవడానికే కదమ్మా" అని డ్రైవులో పెట్టారు.

ఆయన తల వంచి డ్రైవు చప్పుడు వింటున్నారు. చివరికి వచ్చేసరికి కర్రున చప్పుడైంది. తీసి చూస్తే నల్లటి పొర మీద సన్నని తెల్ల గీత. ఇక అది పనికిరాదు. ఇమేజి మాత్రం అప్పటికే పూర్తయింది. సారు కాసేపు దాన్ని చూసి, కవరులో పెట్టి, కొత్త ఇమేజిని ఎక్కించారు. ఈసారి ఎమ్యులేటర్ ఏమీ అడగలేదు. నా ఫైలు తెరిచారు. తెర మీద నాన్న మాటలు:

"ఇంజన్ మొత్తుకునే ముందుగాల ములుగుతది బిడ్డా. గప్పుడే చెవి పెట్టాలె."

ఆ 'బిడ్డా'ను కూడా టైపు చేశానని నాకు గుర్తే లేదు. దిద్దొద్దన్నారు కాబట్టి ఉంచేసి ఉంటాను.

సారు కుర్చీ నా వైపు జరిపి, బాల్కనీలోకి వెళ్లారు. తీగ మీద దుప్పటి ఒకటి ఆరేసి ఉంది. గది వైపు వీపు పెట్టి, దాని ముడతలు సరిచేస్తూ నిలబడ్డారు. నేను పదకొండు పేజీలూ చదివేదాకా, అప్పటికే ఆరిపోయిన ఆ ఒక్క దుప్పటినే సరిచేస్తూ ఉన్నారు.