ఫండమెంటల్ అంటే పునాది

నేను వెళ్లేసరికే కంచె వేసేశారు. ఇందుకూరుపేట దాటాక, ఊళ్లోంచి సముద్రపు ఒడ్డుకు పోయే దారికి అడ్డంగా రాతి స్తంభాలు, వాటికి ముళ్ల తీగ. తీగ అవతల, ఊరివాళ్లు చేపలు ఎండబెట్టుకునే ఇసుక మెరక. ఇవతల, నేను ఏళ్లుగా ఎండు చేపలు కొనుక్కునే అక్క, పచ్చి చేపల గంపతో.

"ఏందన్నా ఇది? ఏమీ మారదని మీ స్నేహితుడే గదా చెప్పినాడు? నువ్వు పక్కన ఉండబట్టే గదా మేం తలూపింది?"

ఆ స్నేహితుడు, నేను నెల్లూరులో ఒకే పత్రిక డెస్కులో పనిచేశాం. ఇంగ్లిషు వార్తను తెలుగు చేయడం అతని దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి 'ఫండమెంటల్' అన్నచోట 'ముఖ్యమైన' అని రాస్తే, కాగితం నా ముందు పడేశాడు.

"ఇంట్లో ముఖ్యమైనవి సవాలక్ష ఉంటాయిరా. ఫ్యాను ముఖ్యమే, లేకపోతే విసనకర్ర తెచ్చుకుంటాం. ఫండమెంటల్ అంటే పునాది. అది తీస్తే పైనున్నదేదీ నిలవదు."

ఆ తర్వాత 'మౌలిక' అని రాయాల్సి వచ్చిన ప్రతిసారీ, ఏది తీస్తే ఏది కూలుతుందో చూసుకునే రాశాను.

అతను పత్రిక వదిలేసి, ఒడ్డున కట్టబోయే రిసార్టు తరఫున మాట్లాడే ఉద్యోగంలో చేరాడు. ఊరివాళ్లతో సమావేశానికి నన్నూ రమ్మన్నాడు. పాత స్నేహం, వెళ్లాను. "మీ బతుకులో ఫండమెంటల్ మార్పేదీ ఉండదు" అన్నాడు లేచి. అంటే ఏందని ఎవరో అడిగితే, నవ్వుతూ నావైపు చూపించాడు. "వీడు చెప్తాడు."

పునాది కదలదని చెప్పాను. నాకు తెలిసిన అర్థం అదే. నేర్పింది అతనే.

కంచె దగ్గర నుంచే ఫోన్ చేశాను.

"ఒక్క దారి మూస్తే ఏమైందిరా? సముద్రం ఎక్కడికీ పోలేదుగా. చుట్టూ తిరిగి పొమ్మను."

"చేపలు ఎండేది ఆ ఇసుకలోనే. అది ఫండమెంటల్ కాదా?"

"నువ్వింకా డెస్కులోనే కూర్చొని ఉన్నావురా" అని పెట్టేశాడు.

అక్క అంతా విన్నది. "పోనీలే అన్నా, మీ స్నేహితుడి మిద్దె మీద ఎండబెట్టుకుంటాంలే. ఆ నీచు కంపుకి ఆయనకి నిద్ర పడతాదో లేదో" అంటూ గంప ఎత్తుకుంది.

ఇప్పుడు చేపలు తారురోడ్డు అంచున ఆరుతున్నాయి. లారీల దుమ్ము చూసి కొనేవాళ్లు మొహం తిప్పుకుంటున్నారు. కంచెకు గేటు పెడతామని రిసార్టువాళ్లు అన్నారు. అందుకోసం రెండు ఇనుప స్తంభాలు పాతారు. వాటి మధ్య ఇంకా ముళ్ల తీగే ఉంది.