ముప్పై ఒకటి కొడితే ఇరవై రెండు

దయ్యాలూ శకునాలూ అంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకే. మాది జమ్మలమడుగు వైపు నేత కుటుంబం. మగ్గం మీద పోగులు పదే పదే తెగుతుంటే మా నాన్న ఎవరి దిష్టో తగిలిందనేవాడు కాదు, లోపం ఎక్కడుందో వెతికేవాడు. నేనూ ఆయన కూతుర్నే. అందుకే ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. కారణం తెలిసినవాళ్లు ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

నేను కడపలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో కెమిస్టుని. ఫ్యాక్టరీ చిమ్నీల్లోంచి వచ్చే పొగలో దుమ్మెంత ఉందో పరీక్షించి, ఆ వివరాలు ప్రభుత్వానికి పంపడం మా పని. చిమ్నీ ఎక్కి నమూనా తీసేది ఖాజా అన్న. యాభై దాటినవాడు, నా కంటే ముందు నుంచీ ల్యాబ్‌లో ఉన్నాడు. దుమ్ము పట్టి ఆయన తెచ్చిన ఫిల్టరు తూచి, లెక్క కట్టి, పంపేది నేను.

ఒకప్పుడు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కవర్లో పంపితే పని అయిపోయేది. ఇప్పుడంతా ప్రభుత్వ వెబ్ పోర్టల్లోనే. ఒక్కో చిమ్నీకి నలభై దాకా గళ్లు నింపాలి. అందులో ఒక్కటి దానికి నచ్చకపోయినా ఫారం మొత్తం వెనక్కి కొడుతుంది. ఏది నచ్చలేదో ఒక్కోసారి చెబుతుంది, ఒక్కోసారి మనమే కనిపెట్టుకోవాలి. అత్తగారి ముందు వంట చేసినట్టుంటుంది.

ఆ రోజు పంపాల్సింది కమలాపురం అవతల ఉన్న ఒక సున్నం ఫ్యాక్టరీ రిపోర్టు. పేరు చెప్పను. మర్నాడు సాయంత్రానికి అది చేరకపోతే వాళ్ల అనుమతి పొడిగింపు ఆగిపోతుంది, బట్టీ ఆర్పేయాల్సి వస్తుంది. ఆర్పితే కూలీలంతా ఇంటికే. వాళ్ల మేనేజరు ఉదయం నుంచి గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు.

నమూనా పది రోజుల ముందే తీశాం. ఫలితం పరిమితి లోపలే ఉంది. ఇబ్బంది ఏమీ ఉండకూడదు. కానీ చిమ్నీ మీద నిలబడి నమూనా తీసే ప్లాట్‌ఫారం నేల నుంచి ఎంత ఎత్తు అని అడిగే గడి దగ్గర ఆగిపోయింది. ఆ చిమ్నీకి ముప్పై ఒక్క మీటర్లు. ఆరేళ్లుగా నేనే కొడుతున్నాను. 31 కొట్టి సేవ్ నొక్కాను. తెర మీద 22 వచ్చింది. కింద ఎర్ర అక్షరాల్లో, ఈ ఎత్తు నమూనాకు సరిపోదని.

నా వేలే తప్పు పడిందనుకొని మళ్లీ కొట్టాను. 22. మూసి తెరిచి కొట్టాను. 22. పక్క సీటులో ఉండే సుభాషిణిని తన కంప్యూటర్లో కొట్టమన్నాను. అక్కడా 22. వేరే ఫ్యాక్టరీల ఫారాలు తెరిచి చూస్తే అవి మర్యాదగా ఉన్నాయి. ఈ ఒక్కదానికే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, ఇరవై రెండే.

హెల్ప్‌డెస్క్‌కు ఫిర్యాదు పెట్టాను. అరగంటకు, సమస్య పరిష్కరించామని జవాబు వచ్చింది. చూస్తే 22. మళ్లీ పెట్టాను. మళ్లీ పరిష్కరించారు. మూడోసారి తెర ఫోటోలు ఐదు తీసి పంపితే, ఫోటోలు సరిగా కనిపించడం లేదు, మళ్లీ పంపమన్నారు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రం ఎట్టకేలకు ఒకతను ఫోన్ ఎత్తాడు. టేపుతో ఎత్తు కొలిచి, కొలుస్తుండగా తీసిన ఫోటో జత చేస్తే తమ వైపు నుంచి సరిచేస్తామన్నాడు. ఈ మాట మేనేజరుకు చెబితే, పాత ఫోటో ఏదో ఒకటి పెట్టేయండి మేడమ్, ఎవరు చూస్తారన్నాడు. తప్పే, దాచను. వేరే ఊరి చిమ్నీ ఫోటో ఒకటి పెట్టాను. పోర్టల్ ఆ ఫోటోను కిక్కురుమనకుండా తీసుకుంది. అంకె మాత్రం మారలేదు.

ఇక చేసేది లేక మర్నాడు పొద్దున్నే ఖాజా అన్నను వెంటబెట్టుకొని బయల్దేరాను. దారి పొడవునా ఆ ఇరవై రెండును తిడుతూనే ఉన్నాను. ఆయనకూ చిరాగ్గానే ఉంది. "ఆరేండ్ల నుంచి ఎక్కుతాండా. చిమ్నీ ఏమన్నా పొట్టిదైందామ్మా?" అన్నాడు.

మా పనిలో ఎవరూ ఎత్తు కొలవరు. మొదటిసారి డ్రాయింగులో ఏముంటే అదే ఏళ్ల తరబడి రాసుకుంటూ పోతాం. చిమ్నీకి బిగించిన ఇనుప నిచ్చెన ఎక్కేవాళ్లు కూడా చూపు పైనే పెట్టి ఆగకుండా ఎక్కేస్తారు. మధ్యలో ఆగితే కాళ్లు పట్టేస్తాయంటారు. ఆ రోజు టేపు పట్టుకోవాలి కాబట్టి ఖాజా అన్న అలా ఎక్కడానికి వీల్లేకపోయింది. టేపు కొక్కెం ఆయన చేతిలో, చుట్ట కింద నా చేతిలో. గాలికి టేపు వంకర పోతోంది. నాలుగు మెట్లకోసారి ఆగి, కొక్కెం మెట్టుకు తగిలించి, సరిచేసుకొని ఎక్కమన్నాను. ఆయన గొణుక్కుంటూనే అలా చేశాడు.

పదకొండు గంటల ఎండ. నేను కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తున్నాను. ఒకచోట ఆగినవాడు ఎంతకూ కదల్లేదు. కాళ్లు పట్టేశాయేమో అనుకున్నాను. తర్వాత ఆయన గొంతు వినిపించింది, చాలా నెమ్మదిగా.

"టేపు లాగొద్దుమ్మా. దిగుతాండా."

దిగడానికి ఎక్కినదానికి రెండింతలు సేపు పట్టింది. నేల మీద కాలు పెట్టగానే కూలబడి నీళ్లడిగాడు. ఆ నిచ్చెన ముక్కలు ముక్కలుగా అతికినది. కొక్కెం తగిలించి, ఊరికే పట్టు కోసం పై ముక్క మీద చెయ్యి వేశాడట. అది కదిలింది. చూస్తే అతుకు దగ్గర వెల్డింగు విడిపోయి ఉంది, బోల్టుల్లో ఒక్కటే మిగిలింది.

"మొన్న నేనూ ఇంకొకడూ ఆ ముక్క మీదనే ఎక్కినామమ్మా," అన్నాడు. "ఈ రోజు దాని మీద కాలు పెట్టింటే అంతే." నీళ్లు తాగి, "ఎంత ఎత్తుకాడ ఆగినా నేను?" అని అడిగాడు.

నేను టేపు చూపించాను. కొక్కెం అతుకు కింది మెట్టుకు ఉన్నప్పుడే, ఎందుకాగాడో తెలియక ముందే, అలవాటు కొద్దీ నేల దగ్గర టేపు మీద బొటనవేలు పెట్టి పట్టుకొన్నాను. నా వేలి కింద ఉన్నది ఇరవై రెండు.

ఖాజా అన్న ఆ అంకెను చూశాడు, నన్ను చూశాడు. దారంతా నేను తిట్టింది ఆయన విన్నాడు కదా. "ఆ కంప్యూటరుకు ఎవురు చెప్పినారుమ్మా?" అన్నాడు. నాకు నిజంగా భయం వేసింది. పట్టపగలు, ఎర్రటి ఎండలో.

మేనేజరుకు చెబితే మొదట నమ్మలేదు. మర్నాడు వెల్డరు కింద నుంచి తాడు వేసి లాగాడట. ఆ ముక్క ఊడి పడింది.

నేను మాత్రం కొలవడానికి వెళ్లిన రోజు మధ్యాహ్నమే ల్యాబ్‌కు తిరిగొచ్చి, ముందు ఆ దొంగ ఫోటో తీసేశాను. తర్వాత అదే ఫారంలో, అదే గడిలో, అదే 31 కొట్టాను. నిలిచింది. ఎర్ర అక్షరాలు లేవు. ఒక్క నిమిషంలో రిపోర్టు వెళ్లిపోయింది, రసీదు వచ్చింది. సంతోషం కలగలేదు. ఆ కంప్యూటర్ను ఎత్తి కిటికీలోంచి విసిరేయాలనిపించింది. ఇదేదో నిన్ననే చేసి ఉండొచ్చు కదా అని తిట్టబోయాను. నిన్ననే నిలిచి ఉంటే ఆ అతుకును ఎవరూ చూసేవాళ్లు కాదు.

నిచ్చెన బాగుచేశాక మళ్లీ కొలిచాం. సరిగ్గా ముప్పై ఒకటి. మా ఫైళ్లన్నీ తిరగేశాను, మేం చూసే ఏ చిమ్నీకీ ఇరవై రెండు లేదు. హెల్ప్‌డెస్క్‌ను వదలకుండా అడిగితే నెల తర్వాత ఒక జాబితా పంపారు. దాని ప్రకారం ఆ రెండు రోజుల్లో మేం కొట్టిన ప్రతిసారీ 31 అనే నమోదైంది. ఇరవై రెండు అనే అంకె వాళ్ల దగ్గర ఎప్పుడూ లేదు. నా దగ్గరున్న ఐదు ఫోటోల్లో ఇప్పటికీ ఉంది. సాఫ్ట్‌వేర్ తెలిసిన మా బంధువొకడు ఏవేవో కారణాలు చెప్పాడు. ఆ అంకే ఎందుకు వచ్చిందో వాటిలో లేదు.

ఆ ఫారంలో ఇంకో గడి ఉంటుంది. నిచ్చెన, ప్లాట్‌ఫారం సురక్షితమేనా అని. ఆ మధ్యాహ్నం దాన్ని కాదు అని మార్చాను. అంతకు ముందు ఆరేళ్లూ ప్రతి రిపోర్టులోనూ, చూడకుండా, ఎవరినీ అడగకుండా, అవును అని నొక్కింది నేనే. ఆ అబద్ధాన్ని పోర్టల్ ఒక్కసారి కూడా వెనక్కి కొట్టలేదు. నిజమైన ఎత్తును మాత్రం పట్టుకొని వదల్లేదు. ఎందుకో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

పోర్టల్ మారలేదు, ఇప్పటికీ వారానికోసారి ఏడిపిస్తూనే ఉంది, నేనూ తిడుతూనే ఉన్నాను. కానీ ఆ గడి దగ్గరికి వచ్చేసరికి ఆగి ఖాజా అన్నకు ఫోన్ చేస్తాను. దిగినానమ్మా, అంతా బాగుండాది అని ఆయన నోట విన్నాకే, అవును అని నొక్కుతాను.