మందు కొట్టకు అని చెప్పిపోతే

పర్వత్ పాటియా బస్తీల మా రూము వెనక జానెడు జాగల చిక్కుడు పెట్టిన, మందుల్లేకుంట. అడాజన్‌ల నేను వంట చేసే ఇంటి బెన్, అంటె ఆ ఇంటామె, నస్టర్షియం గింజలిచ్చి, పేనుబంక ఆ నారింజ పూల చెట్టుకే ఎక్కుతది, చిక్కుడును ఇడిసిపెడ్తది అన్నది. నిజంగ అట్లనే అయింది.

ఇయ్యాల మా ఆయనకు లూమ్ సెలవు. పేనును సూసి ఏం చేస్తడో అని, పనికి పోయేటప్పుడే "జర మందు కొట్టకు" అని చెప్పిన. సాయంత్రం వచ్చేసరికి ఒకటే కంపు. నస్టర్షియం, చిక్కుడు అన్నీ తడిసి ఉన్నయి.

"మందు కొట్టద్దంటి గదయ్యా!"

"ఒక్క చుక్క ముట్టలేదే, కావాల్నంటె నోరు వాసన సూడు. తాగుడు మీదికి మనసు పోవద్దని పని పెట్టుకున్న. నీ పూల చెట్టుకు పేను పట్టింది. పక్కింటోళ్ల పంపు తెచ్చి అన్నిటికి కొట్టిన."

వాసన సూసిన. నిజంగనే తాగలేదు.

రేపు కూరకు అనుకున్న చిక్కుడంత తెంపి పారబోసిన. పెండ్లయిన పన్నెండేండ్లల్ల ఈ మనిషి నా మాట విన్నది ఇయ్యాల ఒక్కనాడే. తిట్టాల్నో మెచ్చుకోవాల్నో మీరే చెప్పుండ్రి. నాకైతే, రోజూలెక్క తాగి పండుకున్నా బాగుండు అనిపిచ్చింది.