నిప్పుకుండ మోసిన అల్లుడు

మా నాన్న మణుగూరు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపేవాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా అదే పని. మేము కతోలిక క్రైస్తవులం. ఏ షిఫ్టు పడినా ఆదివారం గుడిలో పూజ మాత్రం తప్పేవాడు కాదు. పొద్దున డ్యూటీ ఉంటే, సాయంత్రం పూజ జరిగే ఊరేదో కనుక్కుని స్కూటర్ మీద పోయి వచ్చేవాడు. ఇంట్లో రోజూ అన్నానికి ముందు జపమాల. అమ్మ, నేను, చెల్లి మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం సగం ఆయన చెబితే తక్కిన సగం మేము చెప్పాలి. చెల్లి మధ్యలో కునుకు తీసేది. ఆయన ఆపి లేపేవాడు కాదు, గొంతు కాస్త పెంచేవాడు. ఈస్టరుకు ముందు తపస్సు కాలం నలభై రోజులూ మాంసం, కల్లు బంద్. గుడిలో బైబిలు నుంచి మొదటి పఠనం చదివేది ఆయనే. ముందురోజే రెండుసార్లు బయటికి చదువుకుని మరీ వెళ్ళేవాడు.

తాత చనిపోయాక చండ్రుగొండ దగ్గరి పల్లెలో అమ్మమ్మ ఒంటరిదైంది. ఆమెకు మా అమ్మ ఒక్కతే సంతానం. పెళ్ళికి ముందు అమ్మ జ్ఞానస్నానం తీసుకుని నాన్న మతంలో చేరిన రోజున అమ్మమ్మ గుడి లోపలికి రాకుండా రోడ్డు మీదే కూర్చుందట. అలాంటి మనిషిని తీసుకురావడానికి నాన్నే వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను.

"అల్లునింట్ల ఉండుడేంది అయ్యా? నలుగురు నవ్వుతరు" అంది అమ్మమ్మ.

"అల్లునిల్లు అనుకోకుర్రి అత్తమ్మా. మీ బిడ్డ ఇల్లనుకోర్రి" అని నాన్న ఆమె బట్టల మూట తీసి ఆటోలో పెట్టాడు.

మా క్వార్టర్ రెండు గదులది. వంటింట్లో మూలకు ఒక చెక్క కొట్టి ఆమె దేవుళ్ళకు చోటు చేశాడు. మేము జపమాల చెప్పుకునే వేళ ఆమె వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఉండేది. రెండేళ్ళు గడిచేసరికి ప్రార్థనలన్నీ ఆమెకు నోటికి వచ్చేశాయి. ఒకరోజు చెల్లి ఒక మాట మరిచిపోయి తడబడితే గడప మీద నుంచే అందించింది. నాన్న నవ్వు ఆపుకోవడానికి తల వంచుకున్నాడు.

ఐదో ఏడు ఆమెకు జబ్బు చేసింది. దవాఖానా నుంచి తెచ్చాక నాన్నను పిలిచి మంచం పక్కన కూర్చోమంది.

"నన్ను మీ బొందలగడ్డల పెట్టకుర్రి అయ్యా. మా ఊళ్ళె కాలవెట్టుర్రి."

"గట్లనే అత్తమ్మా."

ఆ తర్వాత వారానికే, ఒక పొద్దున, ఆమె పోయింది. మధ్యాహ్నానికి ఊరు చేర్చాం. ఆమె మరిది కొడుకు తలకొరివి పెడతాడని అందరం అనుకున్నాం. అతను వచ్చాడు గానీ అరుగు దిగలేదు.

"ఐదేండ్లు కిరస్తానోళ్ళ కూడు తిన్నది. నేను ముట్ట" అన్నాడు.

అమ్మ ఏడుపు ఆగిపోయింది. ఎండ మండిపోతోంది. నాన్న అప్పటిదాకా పక్కకు నిలబడి ఉన్నాడు. కర్మ చేయించడానికి వచ్చిన ఊరి పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి, "కొరివి నేను పెడత" అన్నాడు.

"నువ్వు కిరస్తానివి గదా. నీకు మంత్రం తెల్వది."

"మంత్రం మీరు చెప్పుర్రి. కుండ నేను మోస్త."

పెద్దాయన కాసేపు నాన్న ముఖం చూసి, అవ్ అన్నట్టు తలూపాడు. నాన్న చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. దాని జేబులో జపమాల ఉంది.

దింపుడు కల్లం దాకా ఆడవాళ్ళం నడిచాం. పాడె దించాక, చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలవాలి. నాన్న మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని వంగి "అత్తమ్మా, అత్తమ్మా, అత్తమ్మా" అన్నాడు. ప్రార్థనలో కూర్చున్నట్టే కూర్చున్నాడని నాకనిపించింది. అక్కడి నుంచి మేము వెనక్కి వచ్చేశాం. కొరివి, గుండు, స్నానం అన్నీ వాళ్ళు చెప్పినట్టే చేశాడని తర్వాత విన్నాను.

మరుసటి ఆదివారం గుండుతోనే గుడికి వచ్చాడు. మెట్ల మీద గుడి పెద్దల్లో ఒకాయన ఆపాడు.

"తమ్మీ, జెర కొన్నాళ్ళు పఠనం ఇంకొకళ్ళు చదువుతరు. ఏమనుకోకు."

"ఏమనుకుంట అన్నా" అని నాన్న వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు. అమ్మకు కోపం వచ్చింది. ఇంటికొచ్చాక గిన్నెల చప్పుడు వినబడింది. ఆ వారంలోనే నాన్న, ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాప సంకీర్తనానికి వెళ్ళివచ్చాడు. ఫాదర్ గారు ఏమన్నారని అమ్మ అడిగితే, "నేను చెప్పిన. ఆయన విన్నడు" అన్నాడు. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

కొన్ని నెలలకు ఆ గుడి పెద్దే వచ్చి మళ్ళీ చదవమన్నాడు. అప్పటికి నర్సు చదువు చదివే ఒకమ్మాయి పఠనాలు చదువుతోంది. "ఆ పిల్ల మంచిగ చదువుతుంది, చదవనియ్యిర్రి. నాకు ఈడ గాలొస్తది" అన్నాడు నాన్న. చివరిదాకా ఆ వెనుక బెంచీ వదల్లేదు.

నేను ఖమ్మంలో ఉద్యోగంలో చేరాక ఒకసారి అడిగాను. "నాయినా, అమ్మమ్మకు కొరివి పెట్టుడు తప్పని నీకు అనిపియ్యలేదా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "అనిపించింది."

"మరి?"

"అనిపించింది. చేసిన." ఆ తర్వాత నా పిల్లలకు జ్వరం తగ్గిందా అని అడిగాడు.

నేను అప్పటికే పండుగలకు తప్ప గుడికి పోవడం లేదు. అది ఆయనకు తెలుసు, ఒక్కమాట అనలేదు. నాలుగేళ్ళ కింద ఊపిరితిత్తుల జబ్బుతో దవాఖానాలో చేరినప్పుడు అమ్మ, చెల్లి, నేను వంతులవారీగా దగ్గరున్నాం. జపమాల చెప్పమని నన్ను అడిగాడు. జపమాలలో తలచుకునే క్రీస్తు జీవిత ఘట్టాలు, ఆ రహస్యాలు, నాకు అన్నీ వరసగా గుర్తులేవు. తప్పు చెప్పినచోట వేలెత్తేవాడు, నేను సరిచేసుకునేదాన్ని. తొమ్మిదో రోజు మధ్యాహ్నం తప్పు చెప్పినా వేలెత్తలేదు. నేను చెప్పడం ఆపి నర్సును పిలిచాను.

మణుగూరులోనే సమాధి చేశాం. షిఫ్టు దిగిన డంపర్ ఆపరేటర్లు బొగ్గు మరకల బట్టలతోనే వచ్చి వరసగా తలా పిడికెడు మట్టి వేసి, చేతులు దులుపుకుని బస్సెక్కారు.